బ్యాగుల దగ్గర ఎవరు కూర్చోవాలి?

ఈ శనివారం, జూన్ 7న బక్రీద్. స్కూళ్ళు తెరిచేది 12న, గురువారం. దుల్హాభాయ్ మళ్ళీ దమ్మామ్ ఫ్లైటెక్కేది 20న. ఈ తారీఖుల మధ్య సందు చూసుకుని మా ఆపా వాళ్ళు కర్నూలు నుంచి ఫిల్మ్ నగర్‌లోని మా ఇంటికి వస్తున్నారు. ఆదివారం రాత్రి దిగుతారు, బుధవారం సాయంత్రం బస్సెక్కుతారు. ఉన్న మూడు రోజుల్లో పిల్లలకు హైదరాబాద్ పార్కులన్నీ తిప్పాలని దుల్హాభాయ్ ఖ్వాహిష్. ఇంతెజామ్ మొత్తం నా జిమ్మేదారీ.

ఆయనకు రెండేళ్ళకోసారి 40 రోజుల సెలవు దొరుకుతుంది. అందులో సగం రిష్తేదార్ల ఇళ్ళు తిరగడానికి, అప్పుల హిసాబ్ చూసుకోవడానికే అయిపోతుంది. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి పదిహేనేళ్ళు, నడిపోడికి పది, చిన్నదానికి ఐదు. చిన్నదానికి అబ్బా అంటే ఫోన్లో ఉండే మనిషి. ఈసారి ఆయన వచ్చి ఎత్తుకోబోతే ఆపా దుపట్టా వెనక దాక్కుందట. మూడు రోజుల దాకా, ఇంటికొచ్చిన మెహమాన్ ముందు నిలబడ్డట్టు దూరంగా నిలబడి చూసిందట. అందుకే ఈ తిరుగుడు మాకు ఉత్త షికారు కాదు. ఆ పిల్ల తండ్రి భుజం మీద నిద్రపోవడం అలవాటు చేసుకోవాలి, ఆయన వెళ్ళిపోయేలోపే.

మొదట మా ఆయనా నేనూ కూర్చుని పార్కుల లిస్టు రాశాం. రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా, జలవిహార్, స్నో వరల్డ్, లుంబినీ పార్క్. మా అమ్మీ, మేం ముగ్గురం, వాళ్ళు ఐదుగురు, మొత్తం తొమ్మిది మందిమి. రెండు పెద్ద పార్కుల టికెట్లూ బండి కిరాయీ కలిపితేనే 25 వేలు దాటింది. దుల్హాభాయ్ ఫోన్లో "పైసోంకీ ఫికర్ నక్కో కరో సాలీ సాహెబా" అన్నారు. వెనక నుంచి ఆపా గొంతు: "వాపస్ టికెట్ ఎవరు కొంటారు, మామూ కొంటాడా?" ఫోన్ కట్.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, అసలు ముష్కిల్ నక్షాలో ఉంది. ఈ పార్కులు ఒకదాని పక్కన ఒకటి లేవు. ఫిల్మ్ సిటీ హయత్‌నగర్ దాటాక విజయవాడ రోడ్డు మీద, ఊరికి తూర్పున. వండర్‌లా రావిర్యాలలో, దక్షిణాన. స్నో వరల్డ్ ఇందిరా పార్క్ పక్కన, లుంబినీ పార్క్ హుసేన్ సాగర్ ఒడ్డున, రెండూ ఊరి నడిమధ్యన. మేముండేది పడమట, జూబ్లీ హిల్స్ గుట్ట దిగి షేక్‌పేట వైపు వాలే బస్తీలో. మా మిద్దె మీద నిలబడితే కుతుబ్ షాహీల గుంబదులు కనిపిస్తాయి. రోజుకో దిక్కుకు పోయి రావాలంటే పిల్లలకు గుర్తుండేది పార్కు కాదు, ట్రాఫిక్.

అందరికంటే ముందు నడిపోడు అడిగింది ఫిల్మ్ సిటీ. బాహుబలి సెట్ చూడాలంట. న్యాయమే. 1996లో మొదలై, ప్రపంచంలోనే అతి పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ బుక్కుకెక్కింది అది. కానీ మా ఆయన ఆ పేరు వినగానే నవ్వాడు. ఆయన సినిమా యూనిట్ వ్యాన్ డ్రైవర్. కాల్షీట్ పొద్దున ఆరింటికైతే ఫజర్‌కు ముందే ఇల్లు కదులుతాడు. ఆ గేటు ఎన్నిసార్లు దాటాడో ఆయనకే లెక్క లేదు. "నాకు తెలిసిన ఫిల్మ్ సిటీ ఒక చెట్టు నీడ. యూనిట్‌ను దింపి, బండి ఆపి, ప్యాకప్ దాకా అక్కడ పడుకోవడమే" అంటాడు. మా ఇంటి నుంచి నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. పొద్దున్నే చేరి సాయంత్రం దాకా తిరిగితేనే టికెట్ వసూల్. లోపల బస్సులున్నా ఎక్కడం దిగడం తప్పదు, అమ్మీ మోకాళ్ళు ఒప్పవు. వరసగా రెండు రోజులు అంత పెద్ద పార్కులంటే చిన్నదానికి జ్వరం ఖాయం. అందుకని ఫిల్మ్ సిటీ ఈసారికి కొట్టేశాం.

నడిపోడు ఏడుపు మొదలుపెట్టాడు. ఏడవాల్సిన పని లేదురా అన్నాను. అన్నపూర్ణ స్టూడియోస్ గోడ, రామానాయుడు స్టూడియోస్ రోడ్డు, ఫిల్మ్ ఛాంబర్, అన్నీ ఖాలా ఇంటి చుట్టూనే ఉన్నాయి. లోపలికి పోనివ్వరు, అది నిజం. ఇక్కడే ఉంటున్న మాకే ఆ గేట్లు తెరుచుకోవు. కానీ తెల్లారక ముందు కృష్ణానగర్ సెంటర్‌కు పోతే సినిమా రోడ్డు మీదే నిలబడి ఉంటుంది. బ్యాగు తగిలించుకున్న జూనియర్ ఆర్టిస్టులు, లైట్ మెన్లు, జనరేటర్ వ్యాన్లు, ఇరానీ చాయ్, ఎవర్ని ఏ షూటింగ్‌కు ఎక్కించాలో అరుస్తున్న ఏజెంట్లు. మంగళవారం పొద్దున ఖాలూ మిమ్మల్ని అక్కడికి తీసుకుపోతాడు, టికెట్ లేదు అన్నాను. వాడు కాస్త తగ్గాడు.

ఇక్కడి దాకా వచ్చాక ప్లాన్ అయిపోయినట్టే అనుకున్నాం. అప్పుడు పెద్దమ్మాయి ఫోన్ తీసుకుంది. నెమ్మదిగా ఒక మాట అంది. "ఖాలా, వాటర్ పార్క్ పెట్టుకోండి, ఏం పర్వాలేదు. నేను బ్యాగుల దగ్గర కూర్చుంటాలే."

ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఎందుకో చెబుతాను.

మా చిన్నతనంలో గండిపేట దారిలోని ఓషన్ పార్క్‌కు వెళ్ళేవాళ్ళం. మర్హూమ్ అబ్బా మా అందరికంటే ముందు నీళ్ళలోకి దూకేవారు. అమ్మీ గట్టు మీద చెప్పులూ టవళ్ళూ టిఫిన్ డబ్బా చుట్టూ పెట్టుకుని కూర్చునేది. అమ్మీకి నీళ్ళంటే ఇష్టమో కాదో మాలో ఎవరూ అడిగింది లేదు. తర్వాత ఆపాకు షాదీ అయింది, పిల్లలు పుట్టారు. నాలుగేళ్ళ కింద ఒక వాటర్ పార్కుకు పోయాం, పేరెందుకులెండి. టికెట్లు తీసుకుని లోపలికి పోయాక, నీళ్ళ దగ్గర ఒక గార్డు ఆపాను ఆపేశాడు. సల్వార్ కమీజ్‌తో దిగకూడదు, నైలాన్ కాస్ట్యూమ్ ఉండాలి అన్నాడు. అద్దెకు ఏమున్నాయో చూపించాడు. మోకాళ్ళ దాకా నిక్కర్లు, పొట్టి చేతుల బనియన్లు. ఆపా వాటి వంక చూసింది, నా వంక చూసింది, "ఛల్, బ్యాగులు ఇటివ్వు" అంది. పొద్దుగూకే దాకా బెంచీ మీదే. పూర్తి టికెట్ కొనుక్కుని మరీ.

కాటన్ వద్దనడానికి కారణం లేకపోలేదు. కాటన్ దారాలు ఊడి ఫిల్టర్లలో ఇరుక్కుంటాయి. వదులు బట్ట, దుపట్టా స్లైడ్ మీద ఎక్కడైనా పట్టుకుంటే ప్రాణానికే ప్రమాదం. నైలాన్ నీళ్ళు పీల్చదు, ఒంటికి అంటుకుని ఉంటుంది. రూల్ బట్ట గురించి, కానీ అక్కడ అద్దెకు దొరికిన లిబాస్ మాత్రం చేతులూ కాళ్ళూ కనబడేదొక్కటే. నిండుగా కప్పే నైలాన్ కూడా ఉంటుందని, అది ఇంటి నుంచే తెచ్చుకోవచ్చని కౌంటర్లో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆపా ఆ రోజు బెంచీ మీద ఉండేది కాదు.

ఇప్పుడు ఆ బెంచీ పదిహేనేళ్ళ పిల్లకు విరాసత్‌గా వస్తోంది. అమ్మీ నుంచి ఆపాకు, ఆపా నుంచి దీనికి. ఎవరూ బలవంతం చేయలేదు. హిజాబ్ వేసుకోవడం మొదలుపెట్టాక తనే అనుకుంది, ఇక మనకు నీళ్ళు లేవు, బ్యాగులున్నాయి అని. హయా పేరుతో మనం పిల్లలకు నేర్పేది ఏది, నేర్పకుండానే వాళ్ళు నేర్చేసుకుంటున్నది ఏది అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. పర్దా ఉండమంది కదా అని మజా వద్దని ఎవరన్నారు?

మర్నాడు పాత లిస్టు చింపేశాను. ఈసారి పార్కుల పేర్లు కాకుండా మా తొమ్మిది మంది పేర్లూ నిలువుగా రాశాను. ఒక్కొక్కరినీ అడిగాను, నీకేం కావాలి అని. 

అమ్మీ "నాకేం ఒద్దు బేటా" అంది. రెండోసారీ అంతే. మూడోసారి అడిగితే, బుద్ధుడి దగ్గరికి పడవలో పోవాలని ఉంది అంది. 1990లో ఆ విగ్రహాన్ని తీసుకుపోతుంటే పడవ ఒరిగి సాగర్‌లో మునిగిపోయింది. 1992లో పైకి తీసి నిలబెట్టారు. ఆ కొత్తలో అబ్బా తనను ట్యాంక్ బండ్ మీదికి తీసుకుపోయి దూరం నుంచి చూపించారట. పడవ మరోసారి ఎక్కుదాంలే అన్నారట. ఇన్నేళ్ళలో ఆ మరోసారి రాలేదు. పక్కనే ఉండి నాకీ సంగతి తెలీదు. 

దుల్హాభాయ్‌ను అడిగితే మొహమాటపడి, "మంచు" అన్నారు. దమ్మామ్ ఎండలో పనిచేసే మనిషి. స్నో వరల్డ్‌లో మైనస్ 5 డిగ్రీలు. జాకెట్లు, బూట్లు, గ్లవ్స్ వాళ్ళే ఇస్తారు. గంటసేపట్లో అయిపోతుంది. బుధవారం పొద్దున అది చూసుకుని, అటే ఇమ్లీబన్ బస్టాండ్‌కు పోవచ్చు. 

పిల్లలకు వండర్‌లా. ఆపాను అడిగితే జవాబు రాలేదు, "పిల్లలకేది ఇష్టమైతే అదే" అంది. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు.

ప్లాన్ ఇప్పుడిలా ఉంది.

సోమవారం వండర్‌లా. ఆదివారం కంటే జనం తక్కువుంటారు. షేక్‌పేట మీదుగా గచ్చిబౌలి, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డెక్కి షంషాబాద్ దాటాక 13వ ఎగ్జిట్లో దిగాలి. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి పొద్దున్నే ఇంట్లో ఖిచిడీ, ఖీమా, ఖట్టా దట్టంగా తినిపించి బయల్దేరడం. లోపల ఆకలేస్తే కూరగాయల వంటలతో సర్దుకోవచ్చు. జానమాజ్ నా బ్యాగులో. పిల్లల ఎత్తు గోడకు నిలబెట్టి ఇప్పుడే కొలిచి పంపమన్నాను. రైడ్ దగ్గర గీత కింద నిలబడి ఏడ్చే కంటే ఇంట్లోనే తెలిస్తే నయం. అమ్మీ ఆ రోజు ఇంట్లో ఉంటానంది. ఈద్ గోష్త్‌తో తలావా చేసి పెడుతుందట. 

మంగళవారం పొద్దున కృష్ణానగర్, మధ్యాహ్నం అందరూ నిద్ర. సాయంత్రం అమ్మీ పడవ. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్‌లో మెట్రో, అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లో దిగి ఆటో. మెట్రోలో లిఫ్టులుంటాయి, మోకాళ్ళకు అదే బస్సు కంటే సుఖం. పైగా బస్సులో నాకూ అమ్మీకీ ఫ్రీ, కర్నూలు ఆధార్ ఉన్న ఆపాకు టికెట్. ఆ మాట మీద అక్కాచెల్లెళ్ళకు రాజకీయం మొదలవుతుంది. 

వాన వస్తే మంగళవారం, బుధవారం తారుమారు. 

ఇక వరసల పక్కన ఒక గడి ఎక్కువ గీశాను. ‘సామాను ఎవరి దగ్గర?’ సోమవారం గడిలో ‘లాకర్’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. అద్దె ఎంతైనా సరే. ఆ పేపర్ ఫోటో తీసి ఆపాకు పంపాను.

ఆపా ఫోన్ చేసింది. లాకర్‌కు పైసలు దండగ అంది. నిండు కాస్ట్యూమ్ అయినా తడిస్తే ఒంటికి అంటుకుంటుంది, షర్మ్ అంది. ఈ ఉమర్‌లో నాకెందుకు, లోగ్ క్యా కహెంగే అంది. నేనేం మాట్లాడలేదు. మాట్లాడింది దుల్హాభాయ్. "దమ్మామ్ కార్నిష్‌లో ఆడవాళ్ళు అబాయాలతోనే సముద్రంలో దిగి పిల్లల్ని ఆడిస్తారు. సముద్రానికి లేని అభ్యంతరం మనకెందుకు?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు నీళ్ళలో ఉంటే నేనొక్కసారి చూడాలి గదా. ఫోటోల్లో అందరూ ఉంటారు, నువ్వే ఉండవు" అన్నారు. అటువైపు కాసేపు ఏమీ వినబడలేదు.

నిజమే. దమ్మామ్‌కు పోయిన ఫోటోలన్నీ తీసింది ఆపానే.

పెద్దమ్మాయి మాత్రం షరతు పెట్టింది. "అమ్మీ దిగితే నేను దిగుతా. లేకపోతే ఇద్దరం బెంచీ మీదే." ఆ పిల్ల తెలివైంది. తల్లిని తోసే పని నాకంటే బాగా చేస్తోంది.

రేపు పొద్దున టోలీచౌకీ పోతున్నాను. పొడుగు చేతులు, చీలమండల దాకా ప్యాంటు, తలకు టోపీ కలిసి వచ్చే నైలాన్ లిబాస్ అక్కడ ఒక దుకాణంలో ఉందని తెలిసింది. సైజులు పంపమన్నాను. పిల్లది ఐదు నిమిషాల్లో వచ్చింది, కలర్‌తో సహా. ఆపాది రాలేదు. ఇషా అయింది, రాలేదు. దస్తర్‌ఖాన్ ఎత్తేశాం, రాలేదు. పదకొండింటికి ఫోన్ మోగింది. సలాం లేదు, దువా లేదు. ఒకటే మెసేజ్:

"ఎక్స్ఎల్. నల్లది. ఎక్కువ రేటు పెట్టకు."