అల్‌హంబ్రా: కాలువ వెంట కోటలోకి

స్పెయిన్‌లోని గ్రనడాలో డార్రో నది ఒడ్డున నిలబడి తలెత్తితే కొండ మీద అల్‌హంబ్రా కోట కనిపిస్తుంది. దిమ్మిసలతో కొట్టి లేపిన ఎర్రమట్టి గోడలు, చదరపు బురుజులు. కృష్ణా కాలువల కింద పెరిగిన నాకు మొదట వచ్చిన సందేహం నీళ్ల గురించే. నది చూస్తే పాదాల దగ్గర పారుతోంది, కోట చూస్తే అంత ఎత్తున ఉంది. లోపలి కొలనుల గురించీ తోటల గురించీ ప్రపంచమంతా చెప్పుకుంటుంది. ఆ నీళ్లు పైకి ఎలా ఎక్కాయి?

గ్రనడాను ఏలిన ముస్లిం నస్రీద్ వంశానికి మూలపురుషుడైన ఒకటో ముహమ్మద్ 1238లో కోట పని మొదలుపెట్టాడు. ఎగువన సుమారు ఆరు కిలోమీటర్ల దూరంలో డార్రో నీళ్లను మళ్లించి, కొండ పక్కన కాలువ తవ్వించారు. నది లోయలోకి దిగిపోతుంటే, కాలువ అతి స్వల్పమైన వాటంతో కొండనే పట్టుకుని నడుస్తుంది. అందుకే కోట దగ్గరికి వచ్చేసరికి అది నదికి చాలా ఎత్తున ఉంటుంది. అసెకియా రియల్ అంటారు దాన్ని, రాచకాలువ. వాటం కట్టడం ఎంత కష్టమో పొలంలో బోదె తీసిన ఎవరికైనా తెలుసు. ఆ లెక్క వేసిన పనివాళ్ల పేర్లు చరిత్రలో లేకపోవడం నాకు నిజంగా బాధనిపించింది.

కాలువ కోటకంటే ముందు పక్క కొండవాలు మీదున్న హెనెరలిఫేకు చేరుతుంది. సుల్తానులు వేసవిలో విడిది చేసిన తోట అది. అక్కడి పొడవాటి ప్రాంగణంలో నడిమధ్య పారేది ఆ రాచకాలువే. రెండు పక్కల నుంచి ఎగిరి దాని మీద పడే నీటిధారలు 19వ శతాబ్దంలో పెట్టినవి. అందరూ ఫొటోలు తీసుకునేది వాటినే. 1958లో ఇక్కడ నిప్పు అంటుకుంది. ఆ తర్వాత తవ్వి చూస్తే, పాత పూలమళ్లు నడకదారికంటే లోతున బయటపడ్డాయి. అంటే సుల్తానుల కాలంలో పూలు నడిచేవాళ్ల పాదాల దగ్గర పూసేవి. ఇవాళ్టి పూలమొక్కలు చాలావరకు తర్వాతి తరాల అభిరుచి.

తోట పైభాగాన ఉన్న నీటిమెట్ల దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. మెట్లకు రెండు వైపులా పిట్టగోడలున్నాయి. మనం చెయ్యి ఆనించే చోట గూనపెంకులు వెల్లకిలా పరిచి, వాటిలో నీళ్లు వదిలారు. పెంకు పెంకుకీ నీళ్లు చిన్నగా తుళ్లి పడుతున్నాయి. పైన లారెల్ చెట్ల కొమ్మలు కలుసుకుని పందిరి కట్టాయి. వేలు ముంచితే ఎండలో కూడా జివ్వుమంది. మెట్లెక్కే మనిషి అరచేతికి చల్లదనం అందించాలని ఒక మేస్త్రీ ఆలోచించాడే, అంతకంటే గొప్ప రాజభోగం నాకు ఆ కోటలో కనపడలేదు.

అక్కడి నుంచి కాలువ ఒక తొట్టివంతెన మీదుగా కోటలోకి దిగుతుంది. కొమారెస్ ప్రాంగణంలో కొలనై పరుచుకుంటుంది. నలభై అయిదు మీటర్ల బురుజు అందులో తలకిందులుగా నిలబడి కనిపిస్తుంది. అయిదో ముహమ్మద్ కట్టించిన సింహాల ప్రాంగణంలో పన్నెండు పాలరాతి సింహాల నోళ్ల నుంచి చిమ్ముతుంది. ఆ తొట్టి అంచు చుట్టూ చెక్కిన పద్యాలు ఆస్థానకవి ఇబ్న్ జమ్రక్‌వి.

గోడల కింది భాగమంతా రంగుపలకలు. చుక్కల ముగ్గులాగా గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ మలుపు తిరిగిందో పట్టుకోలేం. పలకల పైన అంతా సున్నపు, జిప్సం పూతల మీద చెక్కిన లతలూ అక్షరాలే. దేవుడు తప్ప విజేత లేడన్న నస్రీద్‌ల నినాదం ఎటు చూసినా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అక్షరాల సందుల్లో పాత నీలం, ఎరుపు ఇంకా అంటుకుని ఉన్నాయి. ఒకప్పుడు ఈ తెల్లని గోడలన్నీ రంగుల్లో ఉండేవి. సింహాల ప్రాంగణం పక్కనున్న రాజుల మందిరం పైకప్పులో తోలు మీద వేసిన బొమ్మలు మరీ ఆశ్చర్యం. వేటగాళ్లు, వీరులు, చదరంగం ఆడుతున్న స్త్రీపురుషులు. ముస్లిం ఆస్థానంలో మనుషుల బొమ్మలుండవని స్థిరంగా నమ్మేవాళ్లు ఆ కప్పు కింద కాసేపు నిలబడాలి.

1492 జనవరి 2న గ్రనడా క్రైస్తవ రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్డినాండ్‌ల వశమైంది. యూదులు దేశం విడిచిపోవాలన్న శాసనం మీద వాళ్లు మార్చి 31న సంతకం చేసింది ఇక్కడే. అంత సున్నితమైన గోడల మధ్య అంత కఠినమైన మాట వెలువడిందంటే మనసు ఒప్పుకోదు. వాళ్ల మనవడు అయిదో చార్లెస్ 1527లో మొదలుపెట్టిన రాతి భవనంలో గుండ్రటి ప్రాంగణం అందమైనదే. కానీ నీటి ఊసు లేని ఆ బరువు నాకు పరాయిదిగా తోచింది. 1812లో నెపోలియన్ సైన్యం వెళ్లిపోతూ కొన్ని బురుజులు పేల్చేసింది కూడా.

నస్రీద్ రాజభవనాల్లోకి టికెట్ మీద వేసిన సమయానికే వదులుతారు, అది ముందుగానే కొనుక్కోవాలి. వీలైతే మధ్యాహ్నపు సమయం తీసుకోండి. పొద్దున్నే పైనున్న హెనెరలిఫేకు వెళ్లి, కాలువతో పాటు కోటలోకి దిగి రండి.