పొట్టి త్రాడు

వస్తువునకు మనుష్యుడు లొంగవలెనా, మనుష్యునికి వస్తువు లొంగవలెనా యను ప్రశ్న పెద్ద కర్మాగారములయందే కాదు, మన యిండ్లలోని చిన్న బల్లలయొద్దను పుట్టుచున్నది. కూర్చుండువాని నడుము ఎట్లున్నను బల్ల యెత్తు మాఱదు. చూచువాని కన్ను ఎంత మందగించినను అక్షరము పెరుగదు. అప్పుడు వస్తువును సవరించుటకంటె, వయస్సు మీఱినదని చెప్పి మనుష్యునే పని మాన్పించుట మనకు సులభముగా తోచును.

మా పెత్తండ్రిగారు కాలిఫోర్నియాలో చిరకాలము ఉద్యోగము చేసి విశ్రాంతి పొందినవారు. వారియొద్ద 1986లో వెలువడిన మాకింటాష్ ప్లస్ అను కంప్యూటరు కలదు. వారి పాత లేఖలును వ్యాసములును దాని ఫ్లాపీ డిస్కులయందే యున్నవి. తొమ్మిది అంగుళముల తెర పెట్టెలోనే యిమిడియుండును. కీబోర్డు మాత్రము వేఱుగ నుండి, చుట్టలు చుట్టుకొన్న పొట్టి త్రాడుతో పెట్టె ముందుభాగమున తగులుకొనును. నడుము నొప్పిచే వారు బల్లపైకి వంగలేరు. పడకకుర్చీలో వాలి, కీబోర్డును ఒడిలో నుంచుకొని వ్రాయవలెనని వారి కోరిక. త్రాడు చాలదు, సాగదీసినచో కీబోర్డునే బల్లవైపునకు ఈడ్చును. ఇంటివారు యంత్రమును అటకపైకి చేర్ప నిశ్చయించిరి. "అమ్మాయీ, నా చేతులు బాగుగనే యున్నవి గదా!" యని వారన్న మాట నా మనస్సున నాటుకొన్నది.

మా తమ్ముడు టెలిఫోను రిసీవరునకు తగిలించు పొడవైన త్రాడొకటి తెచ్చెను. చూపునకు రెండును కవలలు: అవే చుట్టలు, అవే నాలుగు తీగల మొనలు. తగిలింపక ముందు నేను మల్టీమీటరుతో తీగ తీగను పరీక్షించితిని. కంప్యూటరు త్రాడులో ఒకటవ తీగ ఆవలి కొనను ఒకటవ స్థానమునకే చేరును. టెలిఫోను త్రాడులో ఒకటవది నాలుగవ స్థానమునకును, రెండవది మూడవ స్థానమునకును పోవును. టెలిఫోనునందు లోపలి జంట వినుటకును, వెలుపలి జంట పలుకుటకును ఏర్పడినవి. జంటలోని తీగలు తమలో తాము తారుమారైనను సంభాషణకు భంగము లేదు. కీబోర్డునందన్ననో, ఒకటవది గ్రౌండు తీగ, నాలుగవది అయిదు వోల్టుల విద్యుత్తును కొనిపోవునది. నడిమి రెండును సంకేతములను మోయును. ఇవి తలక్రిందులైనచో కీబోర్డే చెడిపోవచ్చును.

కాబట్టి నాలుగు తీగల చదునైన త్రాడును రెండు మీటర్లు తీసికొని, ఇరుకొనలను మొనలు నొక్కి బిగించితిని. త్రాడును మెలిపెట్టక నేలపై పఱచినపుడు ఒక మొన కొక్కెము పైకిని, రెండవదానిది క్రిందికిని ఉండవలెను. అప్పుడే తీగల వరుస తప్పదు. మఱల మల్టీమీటరుతో సరిచూచి, యంత్రమును ఆపి, క్రొత్త త్రాడును తగిలించితిని. ఆ సాయంకాలము పెత్తండ్రిగారు పడకకుర్చీలో వాలి ఒక పుట వ్రాసిరి.

రూపము కలిసినంత మాత్రమున గుణము కలియదు. ఒకచోట హాని చేయని యేర్పాటు మఱియొకచోట చేటు తెచ్చును. ఆచారములయందును ఇంతే, ఇతరులకు చెల్లినదని చేపట్టుటకు ముందు పరీక్షించు నోపిక కావలెను. మన యిండ్లలోని వృద్ధులను పనికి దూరము చేయుచున్నది నిజముగా వారి యశక్తియేనా, లేక మనము పొడిగింపని మూరెడు త్రాడా? పాఠకులు ఎవరి యింట వారు కొలిచి చూచుకొందురుగాక.