హాల్లో ఓ సముద్రం

సముద్రానికి కూతవేటు దూరంలో ఉండేవాళ్లకి సముద్రాన్ని కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవాలన్న ఆలోచన వస్తుందా? విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తులో ఉన్న ఆ ఇంటివాళ్లకి వచ్చింది. ఆరో తరగతి చదివే అమ్మాయి, తను పుట్టకముందెప్పుడో 2003లో వచ్చిన 'ఫైండింగ్ నెమో' సినిమాని లెక్కలేనన్నిసార్లు చూసింది. నారింజరంగు ఒంటిమీద తెల్ల పట్టీలున్న ఆ చేప కావాల్సిందేనని భీష్మించుకుంది. బ్యాంకులో పనిచేసే వాళ్ల నాన్నకి పెళ్లికి ముందు గోల్డ్‌ఫిష్‌లు పెంచిన అనుభవం ఉంది. నీళ్లలో కాస్త ఉప్పు కలిపితే సరిపోతుందిగా అనుకుని కూతుర్ని వెంటబెట్టుకుని దుకాణానికి బయల్దేరారు.

'ట్యాంకు, రాళ్లు, చేపలు అన్నీ సాయంత్రానికల్లా ఇంటికి పంపించేస్తాను సార్' అన్నాడు దుకాణదారు. అంతటితో ఊరుకోకుండా లోపలి గదిలోంచి ఓ బకెట్ తెచ్చి చూపించాడు. అందులో కొమ్మలు కొమ్మలుగా గోధుమరంగు పగడం. పాప కళ్లు మెరిశాయి. నాన్న మాత్రం రేపొస్తామని చెప్పి బయటపడ్డారు. ఆ రాత్రి చదివితే తెలిసింది... దిబ్బలు కట్టే గట్టి పగడాలు మనదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయనీ, 2001లో వాటిని మొదటి షెడ్యూల్లో చేర్చారనీ. పులి ఉన్నదీ ఆ షెడ్యూల్లోనే! సముద్రపు గుర్రాలకీ అదే రక్షణ. అంటే ఆ బకెట్‌లోది కొనడమంటే పులిపిల్లని బేరమాడటమే. పగడపు దిబ్బల నుంచి పెరికి తెచ్చిన రాళ్లకీ ఇదే వర్తిస్తుంది. విదేశాల్లోని అభిరుచిపరులు ఏ రంగు పగడం పెట్టుకోవాలా అని ఆలోచిస్తారేమో కానీ, ఇక్కడ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఏది పెట్టుకోకూడదో తెలుసుకోవాలి.

మరి మిగిలిందేమిటి? చాలానే ఉంది. సన్నటి రంధ్రాలున్న సిరామిక్ రాళ్లు, తెల్లటి ఇసుక, కాస్త సముద్రపు నాచు, హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు. కొచ్చి కేంద్రంగా పనిచేసే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ చేపల్ని తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతుల్ని ఎప్పుడో రూపొందించింది. దిబ్బల మీద వల వేయాల్సిన పనిలేదు.

మూడడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న ట్యాంకు వచ్చింది. నిండా నింపితే నూట తొంభై లీటర్లు. గాజు, రాళ్లు, స్టాండు కలిపితే పావు టన్ను దాటుతుంది. అందుకే హాలు మధ్యలో కాకుండా, కింద బీము ఉన్న గోడవారగా పెట్టారు. సోఫా బాల్కనీ దగ్గరికి జరిగింది. దాని గురించి ఇల్లాలు ఇప్పటికీ సణుగుతూనే ఉంటారు.

అసలు రగడ ఉప్పు దగ్గర మొదలైంది. ఆరు కిలోల ఉప్పు పొట్లాలు, దాని వెల చూసి నాయనమ్మ నోరు నొక్కుకుంది. 'ఎదురుగా సముద్రం పెట్టుకుని ఉప్పు కొంటావేటిరా? రెండు బిందెలు ముంచుకొస్తే పోలేదా?' అంది. ప్రశ్న సబబైనదే. కానీ నగరం ఒడ్డున ముంచితే మురుగుకాల్వల నీళ్లూ, ఓడల నూనె కూడా బిందెలోకి వస్తాయి. పైగా బంగాళాఖాతం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలం ముగిసే రోజుల్లో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చి పోసే మంచినీళ్లతో విశాఖ తీరాన ఉప్పదనం బాగా తగ్గిపోతుంది. దిబ్బల చేపలకి కావాల్సింది లీటరుకి 35 గ్రాముల దగ్గర నిలకడగా ఉండే నీరు.

'పోనీ నౌపడ కల్లుప్పు వెయ్యి. అదీ సముద్రందే కదా!' నాయనమ్మ అంత తేలిగ్గా వదల్లేదు. సముద్రందే, నిజమే. అయితే మడిలో నీరు ఆరుతున్నప్పుడు సున్నపు సరుకు ముందే అడుగున చేరిపోతుంది. ఆ తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం వంటివి మిగిలిన చేదునీళ్లలో ఉండిపోతే వాటిని పారబోస్తారు. కూరలోకి అది చాలు. చేపలకీ, గవ్వజాతి జీవాలకీ ఆ పారబోసింది కూడా కావాలి. పొట్లాల్లోని ఉప్పు అంత ఖరీదు అందుకే.

నాయనమ్మకి వెంటనే బోధపడ్డ విషయం ఇంకొకటుంది. ట్యాంకులో నీరు తగ్గితే ఉప్పునీరు కాదు, మంచినీరే పోయాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. 'చారు మరిగిపోతే నీళ్లు పోస్తాం కానీ మళ్లీ ఉప్పేస్తామేటి?' అనేసి, రోజూ ఫిల్టర్ నీళ్లు పోసే పనిని తనే తీసుకుంది.

నీళ్లు సిద్ధం. వెచ్చదనం 26 డిగ్రీలు. మోటారు తిరుగుతోంది, దీపాలు వెలుగుతున్నాయి. చేపలేవీ? లేవు. ఓ పచ్చి రొయ్యముక్కని మాత్రం వేశారు. అది కుళ్లి అమోనియా పుట్టాలి. దాన్ని తినే బ్యాక్టీరియా రాళ్ల రంధ్రాల్లో పెరిగి, అమోనియాని నైట్రైట్‌గా మార్చాలి. నైట్రైట్‌ని తినే మరో రకం పెరిగి దాన్ని నైట్రేట్‌గా మార్చాలి. నైట్రేట్‌తో పెద్ద ప్రమాదం లేదు, అప్పుడప్పుడూ కొంత నీరు మారిస్తే సరి. ఇదంతా జరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కంటికి కనిపించని ఈ పని పూర్తి కాకుండా చేపల్ని వదిలితే, వాటి విసర్జనతో పుట్టే అమోనియాయే మొప్పల్ని కాల్చేస్తుంది. సముద్రపు నీటి క్షారగుణం వల్ల ఆ విషం మంచినీటిలో కన్నా ఇంకా తీవ్రం. కొత్త ట్యాంకుల్లో వారం తిరక్కుండానే చేపలు తేలిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. నీరు చూడ్డానికి అద్దంలా ఉంటుంది మరి!

ఇరవై రెండో రోజున పాప పుట్టినరోజొచ్చింది. స్నేహితులందరికీ నెమోని చూపిస్తానని ముందే చెప్పేసింది. 'ఏవండీ, చిన్నపిల్ల... ఒక్క చేపైనా తెచ్చేద్దురూ' అంది వాళ్లమ్మ. నాన్న జవాబు చెప్పకుండా పరీక్షగొట్టం పాప చేతికిచ్చారు. నీళ్లు పట్టి, మందుచుక్కలు వేసి, రంగుల అట్ట పక్కన పెట్టి చూసింది. పసుపు రావాలి. లేతాకుపచ్చ వచ్చింది. కిటికీ దగ్గరికెళ్లి వెలుతుర్లో మళ్లీ చూసింది. ఆకుపచ్చే. కళ్లనీళ్లు తిరిగాయి. 'పాలల్లో తోడేసి గంటకోసారి గిన్నె కదిపితే పెరుగవుతాదేటమ్మా?' అంటూ నాయనమ్మ దగ్గరికి తీసుకుంది. సాయంత్రం వచ్చిన పిల్లలందరూ రాళ్లనీ ఇసుకనీ చూసి, కేకు తిని వెళ్లిపోయారు. ఒకడు 'మీ చేపలు చాలా చిన్నవా?' అని కూడా అడిగాడు.

ఎదురుచూపుల రోజుల్లో పాపకి నాన్న చెప్పిన కథ ఒకటి. 1846లో ఆనా థిన్ అనే ఇంగ్లండ్ మహిళ టార్కీ తీరంలో చిన్న చిన్న గట్టి పగడాలు చూసి ముచ్చటపడింది. వాటిని సూదీదారంతో ఓ పెద్ద స్పాంజికి కుట్టి, లండన్‌కి తెచ్చుకుంది. ఆవిడకి మోటార్లు లేవు, పరీక్షగొట్టాలు లేవు. సముద్రపు నీటిని కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి రోజూ పనిమనిషితో తిరగపోయించేది. అలా గాలి కలిపి, తర్వాత నాచు కూడా చేర్చి వాటిని బతికించుకుంది. ఇంట్లో ఉప్పునీటి అక్వేరియాన్ని నిలబెట్టిన తొలి వ్యక్తుల్లో ఆమె పేరు చెబుతారు. కాఫీ తిరగపోసినట్టు సముద్రాన్ని తిరగపోసిన ఆ పనిమనిషి పేరు మాత్రం ఎవరూ చెప్పరు.

నలభై ఒకటో రోజున అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా. సరిగ్గా మండలం! అయినా ఇంకో రెండ్రోజులు ఆగి, మళ్లీ పరీక్షించాకే హేచరీలో పుట్టిన రెండు క్లౌన్ చేపలు ఇంటికొచ్చాయి. సంచీని ట్యాంకులో తేలేసి, అందులోకి ట్యాంకు నీటిని గంటసేపు కొంచెం కొంచెంగా కలిపి అప్పుడు వదిలారు. మొదటిరోజంతా అవి రాయి వెనక్కి నక్కాయి. మర్నాడు బయటికొచ్చి ఒకదాన్నొకటి తరుముకోవడం మొదలెట్టాయి. కాపురం చేసేవే అలా తరుముకుంటాయట. ఈ జాతిలో అన్నీ మొదట మగవే. జంటలో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. అది చనిపోతే మగది ఆడదైపోతుంది.

'అయితే నాన్నా, నెమో వాళ్లమ్మ చచ్చిపోయిందిగా. మరి వాళ్ల నాన్న...'

'అమ్మైపోవాలి.'

పాప ఆ రోజంతా ఆ సినిమా జోలికెళ్లలేదు.

తర్వాత ఎండాకాలం. హాల్లో 34 డిగ్రీలుంటే ట్యాంకులో నీరు 30కి చేరింది. నీటి మీదికి ఫ్యాను పెట్టారు. కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇదీ. కానీ విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రెండు డిగ్రీలు తగ్గించడానికే ఆపసోపాలు. దిబ్బల మీది పగడాలకి ఈ మాత్రం వేడి కూడా కష్టమే. మామూలు వేసవి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే, తమ ఒంట్లో ఉండి తిండి సమకూర్చే నాచుని వదిలేసుకుని తెల్లబడిపోతాయి. ప్రపంచమంతటా ఇలా జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అలా ప్రకటించడం అది నాలుగోసారి. ఆ వార్త వచ్చిన పేపర్ ముక్క ట్యాంకు స్టాండు తలుపు లోపల అతికించి ఉంది, పాప చేతిపనే.

మే నెలలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. గంట, రెండు గంటలు... రాలేదు. బ్యాటరీ పంపు కాసేపు బుడగలొదిలి ఆగిపోయింది. చేపలు రెండూ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. నాన్న బ్యాంకులో, పాప స్కూల్లో. నాయనమ్మ వంటింట్లోకెళ్లి స్టీలు చెంబు సబ్బు తగలకుండా మంచినీళ్లతో కడిగి తెచ్చింది. స్టూలు మీద కూర్చుని, ట్యాంకులోంచి నీళ్లు ముంచి పైనుంచి ధారగా తిరిగి అందులోకే పోయడం మొదలెట్టింది. కోడలు వచ్చి ఇంకో చెంబందుకుంది. కరెంటొచ్చింది నాలుగున్నరకి.