పాట పుట్టని వీరుడు – ముసునూరి కాపయ నాయకుడు



ఈ టపాలో ముసునూరి కాపయ నాయకుని గురించి నాలుగు మాటలు వ్రాయదలచాను. ముప్పది సంవత్సరాలకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాడిని. చరిత్రకారుడను కాను. అయినా శాసనాలు, కావ్యాలు, కథలు ప్రక్కప్రక్కన పెట్టుకొని చదవడం నాకు చిరకాలపు వ్యసనం. అలా చదువుతున్నప్పుడు ఒక ప్రశ్న నన్ను వదలలేదు. పలనాటి బాలచంద్రునికి పాట ఉన్నది. కాటమరాజుకు కథాచక్రమే ఉన్నది. 1710లో మొగలుల చేత చిక్కి మరణించిన సర్వాయి పాపనికి పాట ఉన్నది. ఢిల్లీ సుల్తానుల ఏలుబడిని ఓరుగల్లునుండి తొలగించిన కాపయ నాయకునికి పాట ఎందుకు లేదు?

ముందుగా చరిత్ర చెప్పుకొందాము. క్రీ.శ. 1323లో ఉలుగ్ ఖాన్, అనగా తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సింహాసనమెక్కినవాడు, ఓరుగల్లును జయించాడు. కాకతీయ ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి పంపగా, ఆయన దారిలోనే నర్మదాతీరాన తనువు చాలించాడు. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని క్రొత్త పేరు వచ్చినది. మరుసటి సంవత్సరం, 1324 నాటికి, రాజమహేంద్రవరంలో మసీదు వెలసినట్లు అక్కడి శాసనమే చెబుతున్నది. ఏడాది తిరిగేసరికి గోదావరి తీరందాకా అధికారం చేతులు మారినదన్నమాట.

ఆ మీద జరిగినది తెలిపే ముఖ్యాధారం విలస తామ్రశాసనం. విలస గ్రామం అమలాపురం ప్రాంతంలోనిది. ఆ ఊరిని ఒక పండితునికి దానమిస్తూ ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించిన సంస్కృత శాసనమది. నేలటూరి వేంకటరమణయ్యగారు, మల్లంపల్లి సోమశేఖరశర్మగారు దానిని పరిష్కరించి లోకానికి అందించారు. దానశాసనమంటే సాధారణంగా వంశవర్ణన, బిరుదులు, ఎల్లలు, శాపవచనాలతో ముగుస్తుంది. ఇది అలా కాదు. దేశం పడిన బాధలను ఇందులో వరుసగా చెప్పారు. యజ్ఞయాగాలు ఆగిపోవడం, దేవతామూర్తులు భగ్నం కావడం, అగ్రహారాలు పోవడం మాత్రమే కాదు, పండించినవాని పంట వానికి దక్కకపోవడం కూడా ఉన్నది. పండితుడు వ్రాసిన శాసనంలో రైతు గోడు చోటు చేసుకొనడం నాకు ఎంతో విలువైనదిగా తోచినది. కృష్ణా పశ్చిమ డెల్టాలో వడ్లు పండే చెరుకుపల్లి వంటి ఊళ్ళలో బ్రతికినవాడికి ఆ వాక్యం బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రోలయ నాయకుడు భద్రాచలానికి దిగువన, శబరీ గోదావరుల ప్రాంతంలో ఉన్న రేకపల్లిని నెలవుగా చేసుకొన్నాడు. కొండలు, అడవులు, నదులు మూడువైపులా కాపు కాచే చోటది. ఆయన తరువాత పినతండ్రి కుమారుడు కాపయ నాయకుడు నాయకత్వం వహించి, 1336 ప్రాంతంలో ఓరుగల్లును విడిపించాడు. కాపయ శాసనాలలో ఆయనకు ‘ఆంధ్రదేశాధీశ్వర’, ‘ఆంధ్ర సురత్రాణ’ అనే బిరుదులు కనిపిస్తాయి.

మన ప్రాంతానికి ఈ చరిత్ర దూరమైనది కాదు. చెరుకుపల్లినుండి రేపల్లె మీదుగా పెనుమూడి వంతెన దాటితే దివిసీమ. అక్కడ నాగాయలంక దగ్గర గణపేశ్వరం. కాకతి గణపతిదేవుని గజసాహిణి, ‘నృత్తరత్నావళి’ కర్త జాయప సేనాని కట్టించిన గుడి ఉన్న ఊరది. కాపయ నాటి 1346 శాసనం ఒకటి ఆ ఊరిదే. ఓరుగల్లు రాజకీయమంతా ఎక్కడో జరిగినదని మన పిల్లలు అనుకొంటారు. నిజానికది కృష్ణానదికి ఆవలి ఒడ్డుదాకా వచ్చి నిలిచినది.

‘సురత్రాణ’ శబ్దాన్ని ఒక్క క్షణం చూడండి. సుర అంటే దేవతలు, త్రాణము అంటే రక్షణ. వ్యుత్పత్తి చక్కగా కుదిరినది. కానీ ఆ మాట అసలు ‘సుల్తాన్’ అన్న శబ్దానికి సంస్కృతపు తొడుగు. సుల్తానును వెళ్ళగొట్టిన వీరుడు సుల్తాన్ బిరుదునే ధరించాడు! విజయనగర ప్రభువులు కూడా ‘హిందూరాయ సురత్రాణ’ అనిపించుకొన్నారు. అధికారానికి ఆనాడు ఏ పేరు చెల్లుబాటులో ఉన్నదో ఆ పేరును తీసుకొని తమదిగా చేసుకొనడంలో వారికి సంకోచం కనబడదు.

చిక్కులు అంతటితో ఆగవు. కాపయ ఓరుగల్లునుండి తరిమినది ఎవరిని? మాలిక్ మక్బూల్ అనే ఢిల్లీ ప్రతినిధిని. ఈ మక్బూల్ పుట్టుకతో తెలుగువాడు. ప్రతాపరుద్రుని కొలువులోనివాడు, బందీగా పోయి మతం మారి, చివరకు ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో ఢిల్లీకి వజీరైనాడు. తిక్కన శిష్యుడైన మారన తన మార్కండేయ పురాణాన్ని ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నమంత్రికి అంకితమిచ్చాడు గదా, ఆ గన్నయే ఈ మక్బూల్ అని కొందరు చరిత్రకారుల నిర్ణయం. అదే నిజమైతే, మన ప్రబంధపూర్వ సాహిత్యంలోని ఒక కృతిభర్త ఢిల్లీ తరఫున ఓరుగల్లును ఏలగా, మరొక తెలుగు నాయకుడు ఆయనను వెళ్ళగొట్టాడన్నమాట. ఇది పాఠ్యపుస్తకంలో ఇమిడే కథ కాదు.

ఇక కాపయ పరిపాలన సుఖంగా సాగలేదు. దక్కనులో తుగ్లక్ మీద తిరుగబడిన అమీరులకు ఆయన సాయం పంపాడు. ఆ తిరుగుబాటునుండే 1347లో బహమనీ రాజ్యం పుట్టినది. పుట్టిన రాజ్యం సాయం చేసిన పొరుగువాని మీదికే వచ్చినది. కౌలాస కోట పోయినది. కుమారుడు వినాయకదేవుడు 1362లో బహమనీ సుల్తాను మహమ్మద్ షా చేతికి చిక్కి దారుణంగా చంపబడ్డాడు. సంధిలో గోలకొండ పోయినది. తుగ్లక్ కోసం చేయించిన నీలి సింహాసనం ఒకటి కాపయ వద్దనుండి బహమనీలకు కానుకగా చేరినదని ఫెరిష్తా వ్రాశాడు. చివరకు 1368 ప్రాంతంలో భీమవరం యుద్ధంలో కాపయ మరణించాడు. చంపినది ఢిల్లీ సేన కాదు, బహమనీ సేన కాదు. రేచర్ల అనపోత నాయకుడు.

ఇదీ చరిత్ర. ఇప్పుడు కథ సంగతి.

కాకతీయ పతనాన్ని గురించి తెలుగువారి నోట నిలిచిన కథలో కాపయ లేడు. ప్రతాపరుద్రుడే ఉన్నాడు. ఆ కథలో ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున మరణించడు. మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషంలో ఢిల్లీ చేరి, సుల్తానునే పట్టుకొని, రాజును విడిపించి తెస్తాడు. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో ‘ప్రతాపరుద్రీయ’ నాటకంగా దీనికి శాశ్వతత్వం కల్పించారు. చాకలి పేరిగాని పాత్ర, పాత్రోచిత భాష గురించి శిక్షణ కళాశాలలో మేము ఎంత వాదించుకొన్నామో! ఉద్యోగంలో ఉండగా పాఠశాల వార్షికోత్సవానికి అందులోని ఒక అంకం వేయించాను. పేరిగాని వేషం కట్టిన కుర్రవాడు ముఖానికి రంగు కడుగుకొంటూ, “మాస్టారూ, నిజంగా సుల్తానును పట్టుకొచ్చారాండీ?” అని అడిగాడు. “లేదురా, రాజుగారు దారిలోనే చనిపోయారు” అన్నాను. “మరి ఊరెవరు విడిపించారండీ?” అన్నాడు వెంటనే. వాడు అడిగినదే అసలు ప్రశ్న. ఆ రోజు వానికి కాపయ పేరు చెప్పాను. వాడు ఆ పేరు అంతకుముందు వినలేదు. చుట్టూ ఉన్న ఉపాధ్యాయ మిత్రులలోనూ విన్నవారు ఇద్దరో ముగ్గురో.

ఇక్కడ దూరదేశపు ముచ్చట ఒకటి చెప్పాలి. ఇంగ్లండు ప్రక్కన వేల్సు అనే చిన్న దేశమున్నది. అక్కడ ఒవైన్ గ్లిండూర్ అనే ప్రభువు పొరుగు ఆంగ్ల ప్రభువుతో వచ్చిన భూవివాదం ముదిరి, 1400 సెప్టెంబరు 16న తానే వేల్సు రాకుమారుడనని ప్రకటించుకొని తిరుగబడ్డాడు. 1404లో తన ప్రజాసభను సమావేశపరచాడు. ఫ్రాన్సు రాజుతో పొత్తు పెట్టుకొన్నాడు. 1409లో హార్లెక్ కోట పడిపోయి భార్యాబిడ్డలు బందీలైనారు. 1412 తరువాత ఆయన ఎవరి కంటా పడలేదు. క్షమాభిక్ష ఇస్తామన్నా రాలేదు. ఆయనను పట్టి ఇచ్చినవాడు లేడు, సమాధి ఎక్కడో ఎరిగినవాడు లేడు. అందుచేత జనం ఆయనను చావనివ్వలేదు. కొండగుహలో నిద్రిస్తున్నాడని, దేశానికి అవసరమైనప్పుడు లేస్తాడని చెప్పుకొన్నారు. షేక్స్పియరు నాలుగవ హెన్రీ నాటకంలో ఆయనను మంత్రగానిగా చూపించాడు. ఓడిన తిరుగుబాటుదారుకు పురాణపురుషత్వం ఇలా వచ్చినది.

గెలిచిన కాపయకు అది ఎందుకు రాలేదు? నాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, ఆయన చావులో రహస్యం లేదు. సాటి తెలుగు నాయకుని చేత యుద్ధభూమిలో చనిపోయాడు. ప్రతాపరుద్రుని చావు పరదేశంలో జరిగినది, కంటితో చూచినవారు ఇక్కడ లేరు. కనుక ఆయన తిరిగి వచ్చాడని చెప్పుకొనడానికి వీలున్నది. గ్లిండూర్‌కు దక్కిన పునర్జన్మ మన దేశంలో ప్రతాపరుద్రునికి దక్కినది.

రెండవది, వీరగాథకు పోషకులు కావాలి. కాపయ ఎదిగిన కుమారుని పోగొట్టుకొని, రాజ్యాన్నీ పోగొట్టుకొని మరణించాడు. గెలిచిన రేచర్లవారి కీర్తిని పాడడానికి ‘వెలుగోటివారి వంశావళి’ వంటివి నిలిచాయి. ఓడినవానిని పాడితే గెలిచినవాడు బహుమానమివ్వడు గదా.

మూడవది, కవి. అదే కాలంలో అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి రాజ్యం స్థాపించాడు. ఆయన కొలువులో ఎర్రన ఉన్నాడు. హరివంశం ఆయనకు అంకితమైనది. అందుచేత తెలుగు చదివిన ప్రతివానికి వేమారెడ్డి తెలుసు. కాపయ పేరు కృత్యవతారికలో నేను చూడలేదు. ఆయన కాలంలోనే 1357లో పిల్లలమర్రి ఎఱకేశ్వరాలయాన్ని ఆయన సేవకుడు ఎర్రపోతు లెంక పునఃప్రతిష్ఠ చేయించిన సంగతి మాత్రం రాతి మీద ఉన్నది. కవి ఉన్న రాజుకు కావ్యం, లేని రాజుకు రాయి.

అయినా ఒకరు ఆయనను మరువలేదు. రెడ్డిరాజుల ఇంటి ఆడపడుచు, కాటయ వేముని కుమార్తె అనితల్లి 1423లో కలువచేరు శాసనం వేయించినది. కాపయ పోయి అప్పటికి అర్ధశతాబ్దం దాటినది. తన వంశం కానివానిని గురించి, తనకు ఏ లాభమూ లేకపోయినా, ఆమె శాసనంలో స్పష్టంగా చెప్పించినది. ప్రతాపరుద్రుని తరువాత ప్రోలయ, ఆయన తరువాత కాపయ దేశాన్ని కాపాడారని, కాపయను డెబ్బది అయిదుగురు నాయకులు కొలిచారని, ఆయన స్వర్గస్థుడైన పిదప వారు తమతమ ఊళ్ళకు వెళ్ళి ఏలుకొన్నారని. సోమశేఖరశర్మగారు 1945లో ఈ చరిత్రను ఆంగ్లంలో గ్రంథంగా వ్రాసి, దానికి ‘ఎ ఫర్గాటెన్ చాప్టర్ ఆఫ్ ఆంధ్ర హిస్టరీ’ అని పేరు పెట్టారు. మరచిపోయిన అధ్యాయమన్నమాట. పేరు అతికినట్లున్నది.

ఇప్పుడెందుకీ ప్రస్తావన అంటారేమో. కొంతకాలం క్రిందట ఒక ఊరివారు కాపయ నాయకునికి విగ్రహం పెట్టే ఆలోచనతో నన్ను ప్రసంగించమని పిలిచారు. సంతోషించాను. తరువాత పెద్దలు ఇద్దరు ఇంటికి వచ్చి, “పంతులుగారూ, రెండు సంగతులు మాత్రం వదిలేయండి. బహమనీలకు సాయం చేసిన సంగతొకటి, మనవాడే ఆయనను చంపిన సంగతొకటి. ఇప్పుడవి ఎందుకు, కులాల మధ్య గొడవలు” అన్నారు. వారి భయం నిజమైనదే, కాదనను. వారికి కాఫీ ఇచ్చి, “ఆ రెండూ వదిలితే నా దగ్గర కాపయ మిగలడండీ” అన్నాను. సభకు వేరొకరిని పిలుచుకొన్నారు. నాకు వారిమీద కోపం లేదు.

కానీ ఆ సభలో చెప్పదలచిన మాట ఇక్కడ చెబుతాను. కాపయ ఒక కులం ఆస్తి కాదు. డెబ్బది అయిదుగురు నాయకులు ఒకే ఇంటిపేరువారు కాలేరు. ఆయన ఒక మతం మీద కత్తి దూసిన బొమ్మ కూడా కాదు. ఢిల్లీ అమీరులతో పొత్తు కలిపినవాడు, సుల్తాన్ బిరుదు ధరించినవాడు. అలాగని విలస శాసనం చెప్పిన బాధలు అబద్ధమనీ అనలేము. పగిలిన విగ్రహం నిజం, పోయిన పంట నిజం, తిరుగబడడం నిజం, ఆ మీద మనలో మనం పొడుచుకొనడం కూడా నిజం. అనితల్లి శాసనంలో నన్ను ఎప్పుడూ ఆపేది చివరి సంగతే. నాయకుడు పోగానే అందరూ తమతమ ఊళ్ళకు వెళ్ళిపోయారట. ఆమె దానిని నిందగా చెప్పలేదు. ఊళ్ళను ఏలుకొన్నారనే చెప్పినది. కానీ కలిసి ఉన్నప్పుడు ఓరుగల్లును విడిపించినవారు, విడిపోయిన తరువాత మరల ఒక్కటై నిలువలేదు. పిల్లలకు కాపయ పాఠం చెప్పవలసి వస్తే నేను అక్కడినుండి మొదలుపెడతాను.

కాపయను గురించిన జానపదగేయం గాని, పదం గాని, సామెత గాని మీ ప్రాంతంలో వినబడితే దయచేసి వ్యాఖ్యలలో తెలుపగలరు. ముఖ్యంగా గోదావరి, ఓరుగల్లు ప్రాంతాల మిత్రులను అడుగుతున్నాను. పాట లేదన్న నా మాట తప్పని ఎవరైనా నిరూపిస్తే అంతకంటె సంతోషం మరొకటి ఉండదు.

సెలవు.