చీపురుపల్లి దారిలో డిటెక్టివ్!

విజయనగరం దాటాక రైలు నెల్లిమర్ల మీదుగా గరివిడి వస్తుంది. ఆ వెంటనే చీపురుపల్లి. స్టేషన్ బయటికొస్తే ఆటోలు, టీకొట్లు, రాజాం వైపు వెళ్లే జనం. ఊరి పేరు చెప్పగానే చుట్టుపక్కలవాళ్లకు ముందు గుర్తొచ్చేది కనకమహాలక్ష్మి అమ్మవారు. ఇలాంటి చోట ఎవరైనా కోటూ టోపీ వేసుకుని ప్రైవేట్ డిటెక్టివ్ ఆఫీసు తెరిచారనుకోండి... ఏమవుతుంది? అతను ఒకరిని ప్రశ్నించేలోపే ‘ఏటి బావూ, ఎవులింటికొచ్చావ్?’ అంటూ ఊరే అతణ్ని విచారించేస్తుంది. సాయంత్రానికి అతని ఇంటిపేరు, చదువు, పెళ్లయిందీ లేనిదీ అన్నీ టీకొట్టుకు చేరిపోతాయి!

అయినా డిటెక్టివ్ ఇటువైపు రాకపోలేదు. ముందుగా అచ్చులో వచ్చాడు. గత శతాబ్దం తొలినాళ్లలో బెంగాలీ నుంచి అనువాదాలుగా వచ్చిన అపరాధ పరిశోధక నవలలు తెలుగువాళ్లకు ఈ రుచి చూపించాయి. తర్వాత కొమ్మూరి సాంబశివరావు (1926-1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఓ తరం తరాన్ని నిద్రపోనివ్వలేదు. యుగంధర్ ఉండేది మద్రాసులో. అతని నవలలు మాత్రం రైల్వేస్టేషన్ పుస్తకాల షాపులకూ, అద్దె పుస్తకాల కొట్లకూ చేరాయి. లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివి వీపు విమానం మోత మోగించుకున్నవాళ్లు తెలుగునాట ఏ తాలూకా కేంద్రంలో వెతికినా దొరుకుతారు. మద్రాసు ముఖం చూడనివాళ్లకు కూడా అక్కడి రాత్రుళ్లు అలా పరిచయమైపోయాయి. హత్య జరగాలన్నా, దాన్ని ఛేదించాలన్నా మహానగరమే కావాలన్న నమ్మకం కూడా అలాగే బలపడింది.

ఈ వంశానికి పెద్దాయన లండన్ బేకర్ స్ట్రీట్‌లోని షెర్లాక్‌హోమ్స్. ఆర్థర్ కానన్ డాయల్ 1887లో అతణ్ని లోకానికి పరిచయం చేశారు. రాసి రాసి విసిగిపోయి 1893లో చంపేశారు కూడా. పాఠకులు ఊరుకుంటేనా! పదేళ్లకు మళ్లీ బతికించక తప్పలేదు. మొత్తం 4 నవలలు, 56 కథలు. ఆ తర్వాత నాటకం, సినిమా, రేడియో, టీవీ... దేన్నీ వదల్లేదతను. తెరమీద 254 సార్లు కనిపించాడని 2012లో గిన్నిస్‌వాళ్లు లెక్కతేల్చారు.

తెలుగు తెర దగ్గరికొచ్చేసరికి మాత్రం డిటెక్టివ్ బాణీ మారిపోయింది. పుస్తకంలో గంభీరంగా సిగరెట్ వెలిగించినవాడు ఇక్కడ నవ్వించడం మొదలుపెట్టాడు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల తీసిన ‘చంటబ్బాయ్’ (1986) గుర్తుందిగా! చిరంజీవి అందులో పాండురంగారావు అనే డిటెక్టివ్. జేమ్స్‌బాండ్ కాదు, జేమ్స్‌పాండ్! 1992లో వంశీ ‘డిటెక్టివ్ నారద’గా మోహన్‌బాబును చూపించారు. 2019లో నవీన్ పోలిశెట్టి ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’గా నెల్లూరులో ఆఫీసు తెరిచాడు. దాని పేరు ఎఫ్‌బీఐ... అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. సగం సినిమా నవ్విస్తూనే రైలు పట్టాల పక్కన దొరికే గుర్తుతెలియని శవాల దగ్గరికి తీసుకెళ్లి ప్రేక్షకుడి నోరు మూయించాడు. నవ్వు వెనక అంత చీకటి దాచిన డిటెక్టివ్ తెలుగులో అరుదు.

మనవాళ్లకు డిటెక్టివ్ ఎందుకు హాస్యగాడయ్యాడు? బహుశా ఆ టీకొట్టే కారణం. అందరి సంగతులూ అందరికీ తెలిసిన చోట భూతద్దం పట్టుకుని తిరిగేవాణ్ని చూస్తే నవ్వురాదూ!

ఎట్టకేలకు 2024 డిసెంబరు 25న అతను ఉత్తరాంధ్ర పేరు పెట్టుకునే వచ్చాడు. ‘శ్రీకాకుళం షెర్లాక్‌హోమ్స్’. 1991 నాటి కథ, విశాఖ తీరంలో ఓ హత్య, దాన్ని తేల్చే డిటెక్టివ్‌గా వెన్నెల కిశోర్. ఆ పేరు వినగానే చాలామంది ముందే నవ్వేశారు. ‘లండన్ షెర్లాక్’ అంటే రాని నవ్వు ‘శ్రీకాకుళం షెర్లాక్’ అంటే ఎందుకొస్తుంది? ఉత్తరాంధ్రవాళ్ల పాత బాధే ఇది. సినిమాల్లో ఈ యాస చాలాకాలం పనివాళ్లకూ, అమాయకులకూ, నవ్వించేవాళ్లకే దక్కింది. హీరోకి వేరే భాష! ఆ లెక్కన ఈ సినిమా పేరు గౌరవమా, వెక్కిరింతా అన్న అనుమానం రావడంలో తప్పులేదు. తెలివైనవాడి వేషానికి శ్రీకాకుళం పేరు తగిలించినందుకు సంతోషించేవాళ్లూ ఉన్నారు. అన్నట్టు, ఆ వేషం కట్టిన కిశోర్‌ది తెలంగాణలోని కామారెడ్డి. చీపురుపల్లికి ఇందులో వాటా ఉందా అంటే, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా ఇదీ శ్రీకాకుళం జిల్లాలోదే మరి!

నిజానికి ఈ ఊరికి అంతకంటే పెద్ద వాటా ఒకటుంది. 1862లో పుట్టిన గురజాడ అప్పారావు, తండ్రి ఉద్యోగరీత్యా చిన్నతనంలో చదువుకున్నది చీపురుపల్లిలోనే. ఆ తర్వాత విజయనగరం వెళ్లారు. కానన్ డాయల్ ఆయనకన్నా మూడేళ్లే పెద్ద. హోమ్స్ కథలు తొలిసారి సంపుటిగా వచ్చిన 1892లోనే ‘కన్యాశుల్కం’ మొదటిసారి రంగస్థలమెక్కింది. ఆ నాటకాన్ని గిరీశం కోసం, సంస్కరణ కోసం చదువుతాం. కాస్త పక్కకు జరిగి చూస్తే అందులో ఓ హత్యకేసు ఉంది!

కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, కూతురని చెప్పి లుబ్ధావధాన్లుకు కట్టబెడతాడు. కొన్నాళ్లకు ఆ పెళ్లికూతురు మాయం. ఆమె మెడలో వేసిన మధురవాణి కంటె కూడా మాయం! పిల్లను ముసలాయనే చంపేశాడని కేసు. శవం లేదు. ఉండటానికి అసలు ఆడపిల్లే లేదు. లేని మనిషి హత్యకు పోలీసులు, సాక్షులు, వకీళ్లు... ఇంత చక్కటి చిక్కుముడి హోమ్స్ దగ్గరికి వచ్చినా కుర్చీలోంచి లేచి కూర్చునేవాడు.

దాన్ని విప్పేదెవరు? పోలీసులు కాదు, ప్లీడర్లు కాదు. మధురవాణి. మాయపెళ్లి గుట్టు ఆమెకు ముందునుంచీ తెలుసు కనుక డిటెక్టివ్‌లా వెతకాల్సిన పనిలేదనుకోండి. కానీ మిగతా పనులన్నీ ఆమె చేసేస్తుంది. రామప్పంతులు ఇంట్లో ఉంటూనే ఎవరు ఏమిటో కనిపెడుతుంది. ఎవరితో ఎంత మాట్లాడాలో, ఎవరి నోట ఏం చెప్పించాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చివర్లో విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు ఇంటికి మగవేషంలో వెళ్లి నిజం చెబుతుంది. మారువేషాల్లో హోమ్స్ దిట్ట అంటారు గానీ, ఈమె ముందు అతను కాస్త తగ్గాల్సిందే! ఇంకో తేడా కూడా ఉంది. కేసు తేలితే హోమ్స్‌కు పేరొస్తుంది. నిర్దోషిని కాపాడబోయిన ఈ వేశ్య మాత్రం తానెవరో బయటపడితే ఆ ఇంటి గడప తొక్కే అర్హతే ఉండదన్న భయంతో వేషం వేసుకోవాల్సి వచ్చింది. ఆమె నిజం చెప్పింది వేశ్య ముఖం చూడనని ఒట్టుపెట్టుకున్న మనిషికి మరి.

ఇంట్లో ‘కన్యాశుల్కం’ ప్రతి ఉంటే ఈ ఆదివారం ఓసారి తీయండి. గిరీశాన్ని కాసేపు పక్కనపెట్టి, మధురవాణి ఎవరిని ఏమడుగుతోందో గమనిస్తూ చదవండి. తోడుకి ఓ కాగితం, పెన్సిలు ఉంటే ఇంకా బాగుంటుంది. ఆ కంటె ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసుకోవడానికి!