హద్దు మీది గొంతులు

కర్ణాటక హద్దున ఉన్న అమరాపురంలో తెలుగు మొదలుపెట్టిన నోరే మాట మధ్యలో కన్నడంలోకి జారుతుంది. ఇలాంటి హద్దుల మీదే పెద్ద గొంతులు పుడతాయేమో!

బళ్ళారి వైపు దరోజి ఈరమ్మ, ఇంట తెలుగు మాట్లాడే బుడగజంగాల ఆడబిడ్డ. బడి ముఖం చూడలేదు. కుమారరాముడి కథతో సహా 12 జానపద మహాకావ్యాలు ఆమెకు నోటికే వచ్చు. రాస్తే 7,000 పేజీలట! హంపి కన్నడ విశ్వవిద్యాలయం ఆమెకు నాడోజ అనే గౌరవ బిరుదు ఇచ్చింది. 2014లో పోయారు.

అటు టెక్సాస్‌లో ఇలాంటిదే ఇంకో హద్దు గొంతు, గాయని లిడియా మెండోజా. చూయింగ్‌గమ్ కాగితం మీద దొరికిన పాటను 12 తీగల గిటార్‌తో 1934లో రికార్డుకిచ్చింది. మెక్సికో సరిహద్దు పొడవునా అదే మోగింది. కూలినాలి చేసుకునేవాళ్ళు ఆమెను పేదల గాయని అన్నారు.

ఈరమ్మ కథలు కొన్ని కన్నడంలో పుస్తకాలయ్యాయి. తెలుగింటి మనిషి గురించి కన్నడంలో చదువుకోవాల్సి రావడమే నాకు చివుక్కుమంటుంది.