శామీర్‌పేట దారిలో ఒక మూత్రపు సీసా

సికింద్రాబాద్ నుంచి అల్వాల్, హకీంపేట, తూంకుంటల మీదుగా ఉత్తరానికి సాగే రాజీవ్ రహదారి, శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి చేరేసరికి, టీకాలకూ జీవశాస్త్ర పరిశోధనకూ పేరుపొందిన జీనోమ్ వ్యాలీలోకి ప్రవేశిస్తుంది. 1999లో ప్రకటించిన ఈ ప్రాంతంలో భారత్ బయోటెక్, ఐకేపీ నాలెడ్జ్ పార్కు వంటి సంస్థలుండగా, పక్కనే మేడ్చల్ మండలం ఘన్‌పూర్‌లో మెడిసిటీ బోధనాసుపత్రి ఉంది. ప్రయోగశాలా రోగీ ఇంత చేరువలో ఉన్న చోట, మూత్రాశయ క్యాన్సర్ తిరగబెట్టిన సంగతిని మూత్రంతోనే పసిగట్టే పరీక్షల అవసరం స్పష్టంగా అర్థమవుతుంది.

నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటంతో తరచూ బయటపడే ఈ వ్యాధికి బీడీ, సిగరెట్ ప్రధాన కారణాలు. నలుగురు రోగుల్లో సుమారు ముగ్గురికి కణితి కండర పొరను చేరకముందే దొరుకుతుంది కాబట్టి ప్రాణాపాయం తక్కువే గాని, తొలగించిన తర్వాత మళ్లీ మొలిచే గుణం దానికి ఎక్కువ. అందువల్ల ముప్పు ఎక్కువగా ఉన్నవారికి సిస్టోస్కోపీని, అంటే మూత్రమార్గం గుండా సన్నని దుర్భిణి గొట్టాన్ని పంపి లోపల చూసే పరీక్షను, మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, ఐదేళ్లు నిండేవరకు ఆరు నెలలకోసారి చేస్తారు; ఆ లెక్కన ఐదేళ్లలో 14 సార్లు రోగి మంటనూ బెరుకునూ భరించాలి.

ఆ పరిసరాల్లోని ఒక పాథాలజీ ప్రయోగశాలలో ఈ బాధను తగ్గించే పని అతి సాదాగా కనిపిస్తుంది. సీసా మీద రోగి వివరాలతో పాటు మూత్రం పట్టిన గంట కూడా రాసి ఉంటుంది. రాత్రంతా నిలిచిన మూత్రంలో కణాలు చెడిపోతాయి కనుక తెల్లవారిన తొలి మూత్రాన్ని తీసుకోరు. గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో అడుగుకు చేరిన మడ్డిని గాజు పలక మీద పరచి, రంగు అద్ది, సూక్ష్మదర్శిని కింద పెడతారు. ఆరోగ్యవంతమైన కణంలో కేంద్రకం చిన్న చుక్కలా ఉంటే, క్యాన్సర్ కణంలో అది ఉబ్బి, నల్లబడి, అంచులు వంకరపోయి కణంలో ఎక్కువ భాగాన్ని ఆక్రమిస్తుంది. పాపనికొలావ్, మార్షల్ 1945లో వెలుగులోకి తెచ్చిన ఈ పద్ధతి తీవ్రమైన కణితులను బాగా పడుతుంది గాని, తీవ్రత తక్కువైన కణితుల కణాలు మామూలు కణాలనే పోలి ఉండటంతో వాటిని తరచూ జారవిడుస్తుంది.

ఆ లోటు పూరించడానికి, 3, 7, 17 క్రోమోజోముల సంఖ్యలోని తేడాలనూ 9వ క్రోమోజోములో ఒక భాగం లోపించడాన్నీ మెరిసే రంగులతో చూపే ఫిష్ పరీక్ష వచ్చింది. క్షయ నిర్ధారణకు మన ప్రభుత్వాసుపత్రులు వాడే సీబీనాట్ యంత్రంలోనే, వేరే కార్ట్రిడ్జ్ అమర్చి, మూత్రంలోని ఐదు జన్యువుల సందేశాలను కొలిచే పద్ధతి కూడా రూపొందింది. అయితే రాళ్లు, ఇన్ఫెక్షన్లు కొన్ని పరీక్షలను తప్పుదారి పట్టించగలవు. అందుకే మూత్ర పరీక్షలు ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో సిస్టోస్కోపీకి తోడుగా నిలుస్తాయే గాని దాని స్థానాన్ని ఇంకా తీసుకోలేదు.

తోడుగానైనా సరే, రోగికి బదులు సీసా ప్రయాణించగలగడం పల్లెవాసికి పెద్ద ఊరట. కణాలు గంటల్లో చెడిపోతాయి కాబట్టి ప్రయోగశాల దగ్గరలో ఉండటమో, కణాలను కాపాడే ద్రావణం ఊరి ఆరోగ్య కేంద్రానికి చేరడమో తప్పనిసరి. టీకాను చల్లదనం చెడకుండా దూరతీరాలకు పంపడం నేర్చిన ఈ లోయ, గంట రాసిన ఆ చిన్న సీసా పట్ల కూడా అంతే శ్రద్ధ చూపాలి.